సంక్రాంతికి నాలుగు బొంతలు

దసరా వెళ్ళిన వారం

ఈసారి కానుకలకి కొట్టుకి వెళ్ళేది లేదు. నలుగురికి నాలుగు బొంతలు కుట్టాలి. చెల్లెలి కూతురికి పుట్టబోయే బిడ్డకి చిన్నది. మా అత్తయ్యకి కింద పరుచుకునేది. డాలస్ నుంచి పండక్కి వస్తున్న స్నేహితురాలికి పట్టుకుపోయే బరువులో ఒకటి. హైదరాబాదులో ఉన్న తమ్ముడికి పొడుగాటిది. గడువు సంక్రాంతి. పాప పండక్కి ముందే వచ్చేస్తుంది కాబట్టి మొదట దాని పని.

విజయవాడలో బొంత దేనికమ్మా అని నవ్వేవాళ్ళున్నారు. ఏసీ 20లో పెట్టుకుని తెల్లారేదాకా ముడుచుకుని పడుకునేది వాళ్ళే.

ఒక్క షరతు పెట్టుకున్నాను: ఇచ్చిన బొంత బీరువాలోకి పోకూడదు. లోగడ పిన్నికి ఒకటి కుట్టి ఇస్తే, కిందటేడు వాళ్ళింట్లో అది ప్లాస్టిక్ కవరులో, కలరా ఉండల మధ్య, నేను పెట్టిచ్చిన మడతలోనే కనిపించింది. "ఎంత ముద్దుగా కుట్టావో, వాడితే పాడైపోదూ" అంది. మెచ్చుకోలే, కాదనను. కానీ కప్పుకోని బొంతకి అన్ని కుట్లు దేనికి? అందుకే ఈ నాలుగింటికీ గుడ్డ ఎంచేముందే మూడు సంగతులు చూస్తున్నాను. ఎవరి మంచం కొలత ఎంత? ఉతికేది ఎవరు, చేత్తోనా మిషన్లోనా? ఒక్క పూట ఎండకి ఆరుతుందా? అందం ఆ తర్వాతే.

దసరాకి బీరువాలు సర్దినప్పుడు తీసి పెట్టిన మూటలు విప్పాను. అమ్మమ్మవి, అమ్మవి, అత్తయ్యవి నేత చీరలు. నాన్న పంచెలు రెండు. తమ్ముడు వదిలేసిన లుంగీలు. వీటన్నిటికంటే పెద్ద మూట రవికల గుడ్డలది. పేరంటాల్లో తాంబూలంతో వచ్చినవి, మనం ఇంకొకరికి పెడదామని దాచినవి, వాళ్ళు తిరిగి మనకే పెట్టినవి. మన ఇళ్ళల్లో ఈ గుడ్డలు కుట్టించుకోవడానికి కాక తిరగడానికే పుట్టాయేమో. ఒకదాని మీద నా చేతిరాతతోనే ఎవరిదో పేరుంది!

చీరల్ని ఒక్కొక్కటిగా కిటికీకి అడ్డంగా పట్టి చూశాను. వెలుతురు ఎక్కువగా దిగే చోట నేత అరిగిపోయినట్టు. చీర ముందు చిరిగేది కుచ్చిళ్ళు దోపుకునే నడుము దగ్గర, తర్వాత మడమలు తొక్కే కింది అంచులో. పవిట చెంగు ఎప్పుడూ గట్టిగానే మిగులుతుంది. అనుమానం ఉన్న చోట రెండు బొటనవేళ్ళతో అడ్డంగా లాగితే నిలబడిందా, పనికొస్తుంది. చర్రుమందా, అది ఇంట్లో మసిగుడ్డే. బలహీనంగా ఉన్నా ఇంకా నిలబడే గుడ్డ నడిమి పొరకి. గట్టిది అడుగుకి. చూపుకి బాగున్నది పైకి.

పాప బొంత

మన ఇళ్ళల్లో పసిబిడ్డకి మొదట కొత్తబట్ట తొడగరు. గంజి, బిరుసు ఏమీ మిగలని పాత నేత బట్టే కావాలి. అందుకని దీనికి అమ్మమ్మ చీర. ఆవిడ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. లేత పసుపు మీద సన్న గళ్ళు, అంచు మెరూన్. ఇన్ని ఉతుకులకి ఆ మెరూన్ ఇటుక రంగుకి వచ్చింది.

లెక్క సులువు. చీర అయిదున్నర మీటర్లు. నాలుగు మడతలు పెడితే ఒక్కో పొర 54 అంగుళాల పొడవు, దాదాపు 45 అంగుళాల వెడల్పు. అంచులు తీసేసి, అరిగిన చోట్లు కోసేసి, 36కి 40 నిలిచింది. నాలుగు పొరలూ ఒకే చీరవి. నడిమిలో దూది లేదు. దూది పెడితే మెత్తగానే ఉంటుంది గానీ పిల్లలు రోజుకి ఎన్నిసార్లు తడుపుతారో తెలిసిందేగా. దూది తడిస్తే ఉండలు కడుతుంది, లోపల ఆరదు. వెనకటికి దూదేకులవాళ్ళు విల్లుతో ఏకి ఇచ్చిన దూది పరుపుల్ని ఎండలో వేసి దులిపేవాళ్ళు, నీళ్ళలో ముంచేవాళ్ళు కాదు.

పరవడం దగ్గరే సగం పని. హాల్లో నేల తుడిచి, అడుగు పొర పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టాను. రెండు స్టీలు బిందెలు, ఒక రోలు, ఒక కుక్కర్. పొర మీద పొర వేసినప్పుడల్లా అరచేత్తో నడుమ నుంచి బయటికి నిమరాలి. ఆనక కచ్చా కుట్టు కూడా నడుమ నుంచే. ముందు నిలువున ఒకటి, అడ్డంగా ఒకటి, తర్వాత మూలలకి. అంచుల నుంచి మొదలెడితే గుడ్డ అంతా మధ్యకి తోసుకొచ్చి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు తర్వాత ఏం చేసినా పోదు.

కుట్టు మామూలు రన్నింగ్ కుట్టే. వరసకీ వరసకీ అంగుళం ఎడం. ఎడం తగ్గేకొద్దీ బొంత బిరుసెక్కుతుంది కాబట్టి పాపకి అంతే చాలు. దారం మూరెడు కంటే పొడుగు పెట్టకూడదు. మళ్ళీ మళ్ళీ ఎక్కించడం విసుగని బారెడు పెడితే అది చిక్కుపడి విసుగు రెండింతలవుతుంది. దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగితే జారుడుగా నడుస్తుంది. ముడులన్నీ పొరల మధ్యకి దూర్చేశాను. బిడ్డ వీపు కింద గుచ్చుకునేది ఏదీ ఉండకూడదు. అద్దాలు, పూసలు, గుండీలు అసలే లేవు. అంచుకి విడిగా పైపింగ్ వేయకుండా అడుగు పొరనే అంగుళం పెద్దగా ఉంచి, పైకి మడిచి కుట్టేశాను.

ఇచ్చేటప్పుడు చెల్లికి ఒకటే చెప్పాను: ఇది కింద పరచడానికే, నిద్రపోయే బిడ్డ మీద కప్పడానికి కాదు. ఏడాది లోపు పిల్లలు పడుకునే చోట మొహం మీదికి జారే వదులు దుప్పట్లు, మెత్తటి దిళ్ళు ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది ఇందుకే. చెల్లి "మనం పెరగలేదా అక్కా" అంది. పెరిగాం. అయినా కప్పొద్దు.

దీపావళి తర్వాత: రంగు, మంట

స్నేహితురాలి బొంత పై పొర రవికల గుడ్డలతో. కానీ అందులో ఏది కాటనో ఏది కాదో చేత్తో పట్టుకుంటే తెలియడం మానేసింది. అందుకని ప్రతి గుడ్డ అంచు నుంచీ రెండు పోగులు లాగి, పెరట్లో దీపం దగ్గర కాల్చి చూశాను. కాటన్ పోగు గబుక్కున అంటుకుని కాగితం కాలిన వాసనేస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలిపోతుంది. పాలిస్టర్ అంటుకునేలోపే ముడుచుకుని, నల్లటి గట్టి పూసై చివర వేలాడుతుంది. రెండూ కలిసినవి ముందు కాలి తర్వాత పూసవుతాయి. తేలింది ఏమిటంటే, తాంబూలాల్లో వచ్చిన వాటిలో సగానికి పైగా కల్తీయే. పాత టూ బై టూ రూబియా ముక్కలు మాత్రం అచ్చం కాటన్. పాలిస్టర్ వాటిని మళ్ళీ పేరంటాల మూటలోకే చేర్చాను. వాటి ప్రయాణం ఇంకా మిగిలే ఉంది.

తర్వాత రంగు. ఎరుపు, ముదురు నీలం, కుంకుమ రంగు ముక్కల్ని తెల్ల పంచె పేలిక తడిపి దాని మీద పెట్టి ఇస్త్రీ చేశాను. కుంకుమ రంగుది పేలిక మీద తన గుర్తు చక్కగా వేసింది. కల్లుప్పు వేసి నానబెడితే రంగు ఆగుతుందని వీధిలో అందరూ అనేదే. చూద్దామని ఆ గుడ్డ నుంచే రెండు ముక్కలు కోసి, ఒకటి ఉప్పు నీళ్ళలో, ఇంకోటి మామూలు నీళ్ళలో రాత్రంతా ఉంచాను. పొద్దున రెండు గిన్నెల్లోనూ నీళ్ళు ఒకే గులాబీ రంగు. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. ఆ గుడ్డని పక్కన పెట్టేశాను. తెల్లటి పక్క మీద ఒక్కసారి రంగు దిగితే చాలు, ఆ బొంత ఇక జన్మలో బీరువా దాటదు.

పెడన కలంకారీ ముక్క ఒకటి నచ్చి మనసు లాగింది. వేళ్ళకి ఏమీ అంటలేదు, ఇస్త్రీకీ దిగలేదు. అయినా వేడి నీళ్ళలో రెండుసార్లు ఉతికాకే నమ్మాను.

కార్తీకం: అత్తయ్య బొంత

అత్తయ్య మధ్యాహ్నం నేల మీదే నడుము వాలుస్తారు. మోకాళ్ళ నొప్పులు ఉన్నా మంచం వద్దంటారు. కాబట్టి మందంగా ఉండాలి, జారకూడదు. ఆవిడే చుట్టి మూల పెట్టుకోగలిగేంత బరువులోనే ఉండాలి. మామూలుగా కుట్టే 60కి 90 అంగుళాలు కాకుండా 36కి 72 చాలు. పొరలు ఏడు.

గుడ్డ ఆవిడ చీరలదే. వెంకటగిరివి రెండు, చీరాల నేతవి మూడు. జరీ అంచులు మొత్తం కత్తిరించేశాను, చూడ్డానికి ఎంత బాగున్నా సరే. జరీ చర్మానికి గీసుకుంటుంది, పైగా మెత్తటి నేత కంటే ముందే తెగి తీగలుగా లేస్తుంది.

కత్తెర చప్పుడికి ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమ్మాయ్, నా చీరలు చించి నాకే పెడతావా?"

"మీకు కాక ఇంకెవరికి పెట్టమంటారు అత్తయ్యా?"

"ఆ నీలం చీర ఉంచు. అది మీ మావయ్య చీరాల్లో కొన్నది."

ఉంచాను. రెండు రోజుల తర్వాత ఆవిడే తెచ్చి ఒళ్ళో పడేశారు. "బీరువాలో పెట్టుకుని ఏం చేసుకోను, పైన వెయ్యి" అన్నారు. నా షరతు ఆవిడకి చెప్పనేలేదు నేను.

ఏడు పొరల్లోంచి మామూలు సూది దిగదు. గోనెసంచులు కుట్టే దబ్బనం అయితే గుడ్డకి కన్నాలు మిగులుస్తుంది. రెండింటికీ మధ్యస్థంగా పొడుగ్గా, కన్ను పెద్దదిగా ఉన్న సూది దొరికింది. వేలికి ఇనుప టోపీ తప్పదు. లేకపోతే మొదటి గంటకే మధ్యవేలు వాస్తుంది. వరసల మధ్య ఒక వేలి వెడల్పు. కింద పరిచే బొంతకి కుట్లు దగ్గరగా పడితేనే పొరలు జరగవు.

సాయంత్రాలు ఆవిడ కూడా ఇటువైపు కూర్చున్నారు. అటు నుంచి నేను, ఇటు నుంచి ఆవిడ. ఆవిడ కుట్టు బియ్యపు గింజంత, ఒకదాని పక్కన ఒకటి, వంకర లేదు. నావి రెండింతలు. కంటి ఆపరేషన్ అయిన మనిషి, సూదిలోకి దారం మాత్రం నన్నే ఎక్కించమంటారు, తర్వాత చూడకుండా వేళ్ళతోనే కుట్టుకుపోతారు. ఎడమచేతి వేలి చివరని గుడ్డ కింద ఉంచి, సూది మొన తగలగానే పైకి తిప్పేస్తారు. ఒక్కో లాగుకి నాలుగైదు కుట్లు సూది మీదే పోగుచేసి అప్పుడు దారం లాగుతారు. ఇన్నేళ్ళుగా ఒక్కో కుట్టుకీ ఒక్కో లాగు లాగుతున్నాను నేను. ఆవిడ పద్ధతికి మారాక వేగమూ పెరిగింది, వరసా తిన్నబడింది.

మూలలకి ఏం చేయాలా అని ఆలోచించినప్పుడు ఉత్తర కన్నడలోని సిద్దీ ఆడవాళ్ళ కవండ్ గుర్తొచ్చింది. ఆఫ్రికా మూలాలున్న వాళ్ళు, కర్ణాటకలో తరాలుగా ఉన్నవాళ్ళు. పాత బట్టలతో కుట్టే ఆ బొంతలకి నాలుగు మూలలా గుడ్డని త్రికోణంగా మడిచి కుడతారు, వాటిని ఫులా అంటారు. అవి లేని కవండ్ వాళ్ళకి బోసిగా కనిపిస్తుంది. నాకు కావలసింది అందం కాదు. పట్టుకుని దులిపేది మూలలే, ముందు చిరిగేదీ మూలలే, అక్కడ రెండు మడతల గుడ్డ అదనంగా ఉంటే మంచిదేగా. కానీ పెట్టాక అందమే ఎక్కువ కనిపించింది, కాదనలేను. అత్తయ్య మాత్రం "ఈ చెవులేంటి?" అన్నారు. ఇప్పుడు ఆ చెవులు పట్టుకునే చుడుతున్నారు.

బొంతల్లో కాంథా బెంగాల్‌ది, గోధడి మహారాష్ట్రది, సుజని బీహారుది. వాటికి కొట్టుల్లో రేటుంది. మన బొంతకి లేదు. ఇంట్లో పుట్టి ఇంట్లోనే అరిగిపోయింది. దానికి నేనేమీ బాధపడటం లేదు.

ధనుర్మాసం: డాలస్ వెళ్ళేది

"బొంతా? ఒసేయ్, 23 కిలోల్లో అరిసెలకి, పచ్చళ్ళకే చోటు చాలదే!" అంది స్నేహితురాలు ఫోనులో. నువ్వు రా, తూచి ఇస్తాను అన్నాను.

దీనికి చేతి కుట్టు కాదు, మిషను. అక్కడ ఎండలో ఆరేసేవాళ్ళు తక్కువ, డ్రయ్యర్లో పడేస్తారు. కాటన్ ఆ వేడికి ముడుచుకుంటుంది, ఒక్కో గుడ్డా ఒక్కోలా. కాబట్టి కోయకముందే అన్నిటినీ బాగా వేడి నీళ్ళలో ఉతికి, ముడుచుకోవలసింది ఇక్కడే ముడుచుకునేట్టు చేశాను. రూబియా ఇంత తగ్గుతుందని అనుకోలేదు.

ఆరున్నర అంగుళాల చదరాలు. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతే ఆరు మిగులుతుంది. 60కి 90 అంటే అడ్డంగా 10, నిలువుగా 15, మొత్తం 150 ముక్కలు. 80 సెంటీమీటర్ల రవికల గుడ్డ నుంచి 20 ముక్కలు వస్తాయి. అంటే ఎనిమిది గుడ్డలు చాలు. కానీ ఎనిమిది రంగులే అయితే చూడ్డానికి చప్పగా ఉంటుందని పద్నాలుగింటి నుంచి కోశాను. అట్టముక్కని కొలిచి కోసి దాన్నే అచ్చుగా వాడాను, టేపుతో ప్రతిసారీ గీస్తే పావు అంగుళం అటూఇటూ అయి పదో ముక్కకి వరసే తప్పుతుంది.

వరసలు కలిపేటప్పుడు ఇస్త్రీ కిటుకు ఒకటుంది. మొదటి వరసలో కుట్టు మడతలన్నీ ఎడమకి, రెండో వరసలో కుడికి, మూడోది మళ్ళీ ఎడమకి. అప్పుడు రెండు వరసలు ఒకదాని మీద ఒకటి పెడితే మడతలు ఎదురెదురుగా ఆనుకుని తాళం పడతాయి, నాలుగు మూలలూ ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. అన్నీ ఒకవైపుకే ఇస్త్రీ చేస్తే ఆ చుక్క దగ్గర నాలుగు మందాలు పోగై సూది విరుగుతుంది.

రంగుల అమరికకి లెక్కలేమీ పెట్టలేదు. ఒకే రంగువి పక్కపక్కన రాకుండా నేల మీద పరిచి, స్టూలెక్కి ఫోటో తీసి చూసుకున్నాను. కంటికి కనపడని గుంపులు ఫోటోలో కనిపిస్తాయి. రెండు గుడ్డలు స్నేహితురాలి తల్లి చేతి తాంబూలంలోవి. పెద్దావిడ ఇప్పుడు లేరు. ఆ ముక్కల్ని మధ్యలో పెట్టకుండా అక్కడక్కడా చెదరగొట్టాను, వెతుక్కోనీ.

నడుమ పాత కాటన్ దుప్పటి, అడుగున మంగళగిరి చీర. మూడు పొరలే. 16 నంబరు సూది, కుట్టు కాస్త పొడుగు, గుడ్డని నొక్కిపట్టే ఫుట్ ఒత్తిడి తగ్గించాను. ఒత్తిడి ఎక్కువైతే పై పొర ముందుకీ అడుగు పొర వెనక్కీ పోయి చివర్లో ముడతలొస్తాయి. మధ్య గీత ముందు కుట్టి, అక్కడి నుంచి రెండు వైపులకీ. చుట్టిన బొంతని మిషను మెడ కింద దూర్చడమే అసలు కష్టం. పక్కన కుర్చీ వేసి బరువు దాని మీద మోపితేనే గీత తిన్నగా పోయింది.

అయ్యాక ఒకసారి ఉతికేశాను. కొత్తగా, ఇస్త్రీ మడతతో ఇస్తే దాచుకుంటారు. ఉతికి కాస్త ముడుచుకుని మెత్తబడ్డాక ఇస్తే అది అప్పటికే వాడుకలో ఉన్న వస్తువు. కొక్కెం తక్కెడకి వేలాడదీస్తే కేజీ 200 గ్రాములు. స్నేహితురాలు వచ్చి ముందు బొంత తిప్పి చూసింది, తర్వాత తక్కెడ చూసింది. హ్యూస్టన్‌లో ఏటా బొంతలకే పెద్ద ఉత్సవం జరుగుతుందట, తను వెళ్ళొచ్చింది. "అక్కడ చాలావాటిని గోడకి వేలాడదీసి చూపిస్తారే" అంది. గోడకి కొట్టావంటే వెనక్కి తెచ్చుకుంటానని చెప్పాను. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది, అదే కప్పుకుని.

భోగి ముందు

నాలుగోది కాలేదు. తమ్ముడి లుంగీలు ఉతికి, కోసి ఉన్నాయి. లుంగీ రెండు మీటర్లే. వాడు ఆరడుగుల పైన. కాళ్ళు బయటికి రాకుండా 96 అంగుళాలు కావాలంటే అతుకు తప్పదు, అతుకు దగ్గర గళ్ళు కలవాలి. అది తొందరలో అయ్యే పని కాదు. "నల్లది కుట్టక్కా, మాపు కనపడదు" అన్నాడు. మాపు కనపడకపోతే ఉతకడని నాకు తెలుసు. బూడిద రంగు గళ్ళవే వేస్తున్నాను.

ఇంతలో చెల్లి ఫోను. "అక్కా, ఆ బొంత లేకపోతే పాప పడుకోవడం లేదు. అది ఉతుకులో ఉంటే ఇల్లంతా ఏడుపే. ఇంకోటి కావాలి." అమ్మమ్మ చీర ఇంకోటి ఉంది, ఆకుపచ్చది, కిటికీ దగ్గర పరీక్ష నెగ్గింది. కాబట్టి వరస మారింది. ముందు పాపకి రెండోది, తమ్ముడిది ఉగాదికి. వాడికి ఫోను చేసి చెప్తే, "అప్పటికి ఎండలొచ్చేస్తాయి కదక్కా" అన్నాడు. ఏసీ ఉందిగా అన్నాను.